హద్దు మీది వాల్వు

ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన పని ఒక్కటే. పొద్దున్నే సైకిలెక్కి మంచినీళ్ల వాల్వులు తిప్పడం. ఈ వీధికి విప్పాలి, ఆ వీధికి కట్టాలి. నీళ్లు వస్తే పట్టించుకునేవాడు లేడు, రాకపోతే తిట్టనివాడు లేడు. అందరూ వాల్వాయన అనే పిలుస్తారు. ఇంకో ఆరు నెలల్లో రిటైర్మెంటు.

ఆయన మున్సిపాలిటీకీ పక్క మున్సిపాలిటీకీ మధ్య హద్దు ఒక రోడ్డు. ఆ రోడ్డు వారన గుంతలో ఒక వాల్వుంది. దాన్ని తిప్పితే ఇవతలి ట్యాంకు నీళ్లు అవతలి మూడు వీధులకు పోతాయి. ఒకరినొకరు నమ్మని పెద్దమనుషులు ఏనాడో దానికి గొలుసు చుట్టి చెరో తాళం వేసుకున్నారు. రెండు వైపుల మనుషులూ కలిసి వస్తేనే నీళ్లు. అవతలి మనిషి రెండేళ్ల క్రితం రిటైరయ్యాడు. ఆ చోట మళ్లీ ఎవరినీ వేయలేదు. తాళంచెవి ఏ బీరువాలో పడి ఉందో ఆ దేవుడికే తెలియాలి.

అవతలి మొదటి వీధిలోనే వాల్వాయన అక్క ఉంటుంది. అరిగిపోయిన మోకాళ్లతో, రెండు బకెట్లు పట్టుకుని రోజూ ట్యాంకరు కోసం పడిగాపులు కాస్తుంది. ఊరందరికీ నీళ్లు వదిలే తమ్ముడు సొంత అక్కకి చుక్క ఇవ్వలేకపోయాడు. అది తలుచుకుంటే ఆయనకు ముద్ద దిగదు.

అంతలో చుట్టుపక్కల ఎనిమిది మున్సిపాలిటీలను కలిపి వాటిపైన మహానగర మండలి పెట్టారు. పిచ్చి మారాజు, పొంగిపోయాడు.

“ఇక మనదీ వాళ్లదీ అని లేదక్కా. నేను దిగిపోయేలోపు నీ కుళాయిలో నీళ్లు చూస్తావు.”

“చూద్దాంలేరా,” అంది అక్క.

అర్జీల మీద అర్జీలు పెట్టాడు. చివరికి ఒకరోజు మూడు జీపులు వచ్చాయి, ఉపన్యాసాలయ్యాయి. దొరకని తాళంచెవి కూడా దొరికింది. వాల్వాయన వాల్వు తిప్పాడు. ఫొటోలు తీశారు. పది నిమిషాలయ్యాక మండలి ఇంజనీరు కట్టేయమన్నాడు. రెండు తాళాలూ వేయించి, సంచిలోంచి కొత్త తాళం తీశాడు.

“ఇదెందుకు సార్?”

“ఇప్పుడు మండలిక్కూడా వాటా ఉంది కదయ్యా. ఇకనుంచి ముగ్గురూ కలిసి తీయాలి.”

“మీ మనిషెవరు సార్?”

“ఇంకా వేయలేదు. ఫైలు నడుస్తోంది.”

జీపులు వెళ్లిపోయాయి. అక్క ఖాళీ బకెట్టుతో కుంటుకుంటూ వచ్చింది.

“ఒకటి నిండిందిరా. రెండోది పెట్టేలోపే ఆగిపోయాయి.”

ఆయన గుంతలోకి చూపించాడు. అక్క మూడు తాళాలూ చూసింది.

“నీ తాళం నువ్వు తీశావుగా. ఇంకేం చేస్తావులే.”

వచ్చే నెల తన తాళంచెవి కూడా బీరువాలోకే పోతుంది. తన పోస్టు ఎత్తేశారని ఆఫీసులో నిన్ననే చెప్పారు. ఆ మాట అక్కకు చెప్పలేక, బకెట్టు అందుకుని ట్యాంకరు వచ్చే చోటికి ఆమె వెంట నడిచాడు.