మిలిటరీ లారీకి రథం మోకులు

కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం వెళ్లే బస్సు అనంతపురం బస్టాండు నుంచి ఉదయం ఆరున్నరకు కదిలింది. చంకలో పద్నాలుగు నెలల పాప, భుజానికి సంచి. సంచిలో పాప బట్టల మధ్య రెండు పెద్ద ఫ్లాస్కులు, రెండింటి నిండా కాచి చల్లార్చిన నీళ్లు. అంతకు ముందు నెలలో నీళ్లు పడక పాపకు విరేచనాలయ్యాయి. కాచిన నీళ్లు తప్ప వేరేవి తాగించొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి నాకు ఫ్లాస్కు మూత తీసి చూసుకోవడమే పని.

వెళ్తున్నది మా ఆయన అక్కగారింటికి. సరోజ వదిన ఊరు గుమ్మఘట్ట దాటాక లోపలికి ఉంటుంది. పాపను చూపించమని పుట్టినప్పటి నుంచి అడుగుతోంది. ఆయనకు సెలవు దొరకలేదు. వరసగా వానలు లేని ఏళ్లవి, పైగా ఏప్రిల్. "రెండు రోజులే కదా, ఫ్లాస్కులెందుకు, అక్కడ నీళ్లు కాచుకోలేవా?" అని నవ్వారు. నేను వినలేదు.

ఈ దారిలో పిల్లలతో వెళ్లేవాళ్లు డ్రైవరు వెనక వైపు కూర్చోండి. ఎండ పదిన్నర దాకా అటు రాదు. కళ్యాణదుర్గంలో బస్సు పావుగంట ఆగుతుంది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అక్కడే వేడిగా దొరుకుతాయి. పాపకు ఉగ్గానిలోని మరమరాలు మెత్తగా నలిపి పెట్టాను. పక్క సీట్లో పెద్దామె నా ఫ్లాస్కుల వైపు చూసి, "ఇన్ని నీళ్లు మోస్తాండావు, యాడన్నా అమ్మేదానికా ఏమమ్మా?" అంది. నేను నవ్వాను గాని సంచి మాత్రం ఇవతలికి లాక్కున్నాను.

పదింటికి రాయదుర్గం. అక్కడి నుంచి ఊరి బస్సు. అందులో సగం మాటలు తెలుగు, సగం కన్నడం. కిటికీలోంచి చూస్తే ఎక్కడా పచ్చదనం లేదు, రాళ్ల గుట్టలు, దున్ని వదిలేసిన ఎర్ర నేలలు. వేడిగాలికి పాప మాటిమాటికీ నీళ్లు అడిగింది. పన్నెండు దాటాక బస్సు దిగేసరికి ఒక ఫ్లాస్కు ఖాళీ.

వదిన ఎదురొచ్చి పాపను ఎత్తుకుంది. గడప దగ్గర నిలబడిపోయి, "కాళ్లకు నీళ్లియ్యలేకపోతాండా సుజాతా. ఏమీ అనుకోవద్దు," అంది. మొదట అర్థం కాలేదు. లోపలికి వెళ్లి చూస్తే వంటింట్లో బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి. ఒక్క కడవలో అడుగున మాత్రం రెండు చెంబుల నీళ్లు. వాటి మీద సన్నని దుమ్ము తేలుతోంది.

ఊళ్లో బోర్లు ఎండిపోయి చాలా రోజులైంది. తాగే నీళ్లు వేదవతి నది పక్కన తోటలో ఉన్న బావి నుంచి మస్తాన్ లారీలో వస్తాయి. ఆ లారీ రెండు రోజులుగా కదలడం లేదు.

"కదల్లేదంటే?"

"బ్యాటరీలు సచ్చిపోయినాయంట. సూస్తువు గానీ రా," అంది వదిన.

పాపకు మిగిలిన ఫ్లాస్కు సాయంత్రం దాకా వస్తుందేమో. తిరుగు బస్సు మరునాడు పొద్దున గాని లేదు. పాప పెదవులు తడిమి చూసుకుంటూ వదిన వెనకే నడిచాను.

ఊరు దిగువన బడి ముందు చదునులో ఉంది లారీ. అలాంటి బండిని నేను దగ్గరగా చూడడం అదే మొదలు. ముక్కు పొడుగ్గా ముందుకు వచ్చి, మనిషి నడుమెత్తు చక్రాలతో, మామూలు లారీల మధ్య నిలబెడితే వేరే దేశపు జంతువులా అనిపించేలా ఉంది. ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచిన చోట కింద ఇంకో ఆకుపచ్చ. తలుపు మీద చెరిపేసిన పాత తెల్ల అంకెలు ఇంకా లీలగా కనిపిస్తున్నాయి. వెనక సైనికులు కూర్చునే చోట ఇప్పుడు నీళ్ల ట్యాంకు. ఏ మంచు కొండల్లో తిరిగిందో అనుకుంటూ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను.

మస్తాన్‌కు నలభై ఏళ్లుంటాయి. ఆ లారీని వేలంలో కొన్నది అతనే. నేను అడిగేసరికి అతనికి హుషారొచ్చింది. "మామూలు బండైతే ట్రాక్టరు బ్యాటరీ ఒగటి తగిలిచ్చినా లేస్తాదక్కా. ఇది మిలిటరీది. దీనికి రెండు బ్యాటరీలు జతగా కావల్ల. నిన్న ఒగటి పెట్టి సూస్తే టక్కుమనె, అంతే."

"ఎందుకు పాడయ్యాయి?"

అతను తల గోక్కున్నాడు. "బ్యాటరీలో పోసే మంచినీళ్లు అయిపోయినాయి. బోరు అడుగున ఉండే ఉప్పునీళ్లు పోసినా."

"మనుషులు తాగలేని నీళ్లు దానికి తాపిస్తే అది మాత్రం బతుకుతాదా?" అంది వదిన.

బ్యాటరీలు రాయదుర్గం పంపి చార్జింగు చేయిద్దామంటే రెండు రోజులు పడుతుందట. ఊళ్లో ఉన్న రెండు ట్రాక్టర్లూ గడ్డి తేవడానికి కర్ణాటక వైపు వెళ్లాయి. ఇక మిగిలింది మనుషులే. ఇంజన్‌కు ఒకసారి ఊపు అందితే చాలు, ఆ తర్వాత బ్యాటరీతో పని లేదని మస్తాన్ చెప్పాడు. గేరు వేసి క్లచ్చి తొక్కిపెట్టుకుని, బండి ఉరికేటప్పుడు కాలు తీసేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయట. కానీ ఆ బరువును ఉరికించేది ఎలా?

గుడి దగ్గర రథం మోకులు ఉన్నాయని అన్నదెవరో నాకు తెలియదు. కరువని ఆ ఏడు రథం తీయలేదు. పంచె కట్టుకున్న ఒక పెద్దాయన వెంటనే అడ్డుపడ్డాడు. "దేవుని మోకులు లారీకి కడతారా? బుద్ధుండాదా?"

"ఆ దేవునికి అభిషేకం నీళ్లు యాడనుంచి వస్తాండాయి మామా? ఈ లారీలోనే గదా?" అంది వదిన.

మస్తాన్ మెల్లగా, "ఏటేటా నేనూ లాగిన మోకులే గదా మామా," అన్నాడు. పెద్దాయన కాసేపు గుడి వైపు చూసి, "వాడినాక శుద్ధి చేసి పెట్టల్ల," అని పక్కకు జరిగాడు.

ఎండ కాస్త తగ్గాక నాలుగింటికి మొదలుపెట్టారు. మనిషి చేయంత లావున్న రెండు మోకులు లారీ ముందుకు కట్టారు. ఊళ్లో సగం మంది వచ్చారు, ఆడవాళ్లు కూడా. మోకులతో పాటు తిప్పేస్వామి అనే ఆయన తన చెక్క దిమ్మ పట్టుకుని వచ్చాడు. రథం లాగేటప్పుడు చక్రం పక్కనే నడుస్తూ, వేగం హెచ్చితే చక్రం కింద దిమ్మ వేసి ఆపడం ఆయన పని. వాళ్ల నాయనదీ అదే పనట. ఆయనను ఎవరూ పిలవలేదు. మోకులు బయటికి తీస్తే ఆయన రావడం అలవాటు, అంతే.

నేను పాపను ఎత్తుకుని బడి అరుగు మీద నిలబడ్డాను. "గోవిందా!" అన్నారు. మోకులు బిగుసుకున్నాయి. లారీ కిర్రుమని కదిలింది. నడక, తర్వాత పెద్ద నడక, ఆ తర్వాత ఉరుకు. మస్తాన్ కిటికీలోంచి, "ఇంగా! ఇంగా! వచ్చాండాది!" అని అరుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే చక్రం పక్కన ఉరుకుతున్న తిప్పేస్వామి వంగి దిమ్మ వేసేశాడు.

లారీ ఎగిరిపడి నిలిచిపోయింది. మోకు పట్టుకున్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఏమప్పా, నీకు పిచ్చి పట్టిందా?" మస్తాన్ కిందికి దూకాడు. "ఉరకల్లనే గదా మేము సస్తా ఉండేది!"

తిప్పేస్వామి దిమ్మను చక్రం కింది నుంచి లాగి గుండెకు పట్టుకుని నిలబడ్డాడు. "ముందర జనం ఉండారు. జనం ముందర ఉంటే చక్రాన్ని ఉరకనియ్యను. ఇంజనొచ్చి మీదికి దూకితే ఎవుడప్పా జవాబు చెప్పేది?"

అందరూ తిట్టారు. ఆయన చెప్పింది నిజమేనని నాకు అరుగు మీదినుంచి కనిపిస్తూనే ఉంది, ఆ పొడుగు ముక్కుకు ఎదురుగా మా వదిన కూడా ఉంది కాబట్టి. అయినా నాకూ కోపమే వచ్చింది. ఫ్లాస్కు ఊపి చూశాను. చప్పుడు పలచగా వచ్చింది.

ఇంకోసారి లాగమంటే ఎవరికీ సత్తువ లేదు. వదిన మోచేతి మీది మట్టి దులుపుకుంటూ, "వాడు ఆపేదానికే పుట్టినాడు. ఆపే పనేదన్నా ఉంటే వాడికియ్యండప్పా," అంది. అందరూ నవ్వారు. మస్తాన్ మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి గుడి వైపు పోయే వీధిని చూశాడు. బడి దగ్గరి నుంచి రథం నిలిపే కొట్టం దాకా అది బాగా ఎగువ.

"తిప్పన్నా," అన్నాడు, "బండిని యెనక్కి లాక్కుంటా పైకి పోదామా? ఇంజన్ లేనిదే దీనికి బ్రేకు పడదు. లాగినంత మేర జారకుండా నిలిపేది నీ పని. పైనుంచి ఇడిసేటప్పుడు ముందర ఒక్కరూ ఉండరు."

తిప్పేస్వామి దిమ్మ చంకన పెట్టుకున్నాడు. వెనక చక్రానికి పల్లం వైపుకు వెళ్లి కూర్చున్నాడు.

మోకులు విప్పి వెనక కట్టారు. ఇక ఉరుకు లేదు. నాలుగు అడుగులు లాగడం, ఆయన దిమ్మ వేయడం, అందరూ ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ లాగడం. ఒకచోట మోకు జారింది. లారీ ముందుకు ఒరిగింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి దిమ్మ చక్రం కిందే ఉంది, ఆయన పక్కనే ఉమ్మి వేస్తూ కూర్చుని ఉన్నాడు. దాదాపు గంట పట్టింది. అప్పటికి పాప ఫ్లాస్కులో ఆఖరి మూతెడు తాగింది.

రథం కొట్టం ముందు లారీ నిలిచింది. మోకులు విప్పేశారు. వీధి పొడవునా పిల్లలను, మేకలను, మంచాలను పక్కకు తీశారు. ఇంజన్ లేవకపోతే బ్రేకు లేని బండి నేరుగా వీధి చివర ఎండిన వంక ఇసుకలోకి పోతుంది. "ఇసకలో దిగబడితే వానకాలం దాకా ఆడనే," అని ఎవరో అన్నారు.

తిప్పేస్వామి వీధిని ఒకసారి కింది దాకా చూసి దిమ్మను పక్కకు తన్నాడు.

లారీ చప్పుడు లేకుండా కదిలింది. అంత పెద్దది అంత నిశ్శబ్దంగా దిగుతుంటే పాపను గట్టిగా పట్టుకున్నాను. లారీ వదిన ఇల్లు దాటింది, బడి దాటింది. అక్కడ ఒక్క కుదుపు. ముక్కు కిందికి వంగింది. ఏమీ లేదు. ఇంకో కుదుపు. వెనక నల్లటి పొగ ఒక్కసారి లేచి, ఆ తర్వాత వచ్చింది చప్పుడు. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. ఊరంతా అరిచింది. మస్తాన్ ఆగలేదు. అదే ఊపున వంక దాటి, నీళ్ల కోసం వెళ్లిపోయాడు.

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. బిందెలు నింపుతున్నంతసేపూ ఇంజన్ ఆపలేదు, మాటలు అరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. వరసలో నేను చివర నిలబడితే, మోకులకు అడ్డుపడ్డ పెద్దాయన, "బిడ్డ నీళ్లు ముందర పట్టండి," అని నన్ను ముందుకు పిలిచాడు. ఫ్లాస్కులకు నీళ్లు కాచడానికి వదిన పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టింది. ఆ తర్వాత ఒక చెంబు నా చేతికిచ్చి, "ఇప్పుడు కడుక్కో కాళ్లు," అంది.

ఇంకో రోజు ఉందామనే వచ్చాను గాని, మరునాడు పొద్దున మస్తాన్ కొత్త బ్యాటరీల కోసం లారీలో రాయదుర్గం పోతున్నాడంటే ఆ బండి ఎక్కే అవకాశం వదలబుద్ధి కాలేదు. రాత్రి బండిని రథం కొట్టం ముందే నిలిపారు, చక్రం కింద దిమ్మతో. ఏడింటికి అది వీధి దిగి మళ్లీ లేచింది. క్యాబిన్‌లో మస్తాన్, నేను, నా ఒళ్లో పాప, తలుపు పక్కన దిమ్మను ఒళ్లో పెట్టుకుని తిప్పేస్వామి.

"మీరెందుకు వస్తున్నారు?" అని అడిగాను.

"దీనికి హ్యాండు బ్రేకు గూడా లేదమ్మా. ఈయప్ప సెప్పడు," అన్నాడు. మస్తాన్ రోడ్డు వైపే చూస్తూ నవ్వాడు. బ్యాటరీల అంగడి ముందు లారీ ఇంకా పూర్తిగా ఆగకముందే ఆయన దిగి దిమ్మ వేశాడు. అప్పటికి పాప ఆ ఇంజన్ మోతకు నిద్రపోయింది.

రాయదుర్గం నుంచి అనంతపురానికి తొమ్మిదింటికి బస్సు దొరికింది. కళ్యాణదుర్గంలో డ్రైవరు ఇంజన్ ఆపి టీకి దిగితే, నేను కిటికీలోంచి తల బయటపెట్టి రోడ్డు ఎటు వాలుగా ఉందో చూశాను. చూశాక నాకే నవ్వొచ్చింది.

ఇంటికి చేరాక ఆయన సంచి అందుకుని, బరువు చూసి, "ఒక ఫ్లాస్కు ఇంకా నిండుగానే ఉందే! పాపకు నీళ్లు తాగించలేదా?" అన్నారు.

"ఇవి ఆ నీళ్లు కావు," అన్నాను.