అటక మీద క్రేన్ ఆపరేటర్

మా బాబాయిని ఆ రోజు వెనకనుంచి ఎవరూ తన్నలేదు. ఆ మాట నమ్మడానికి ఆయన ఆసుపత్రి దాకా వెళ్ళాల్సి వచ్చింది.

కదిలిపోతున్న బస్సును అందుకోబోయి నాలుగడుగులు పరుగెత్తాడు. మడమ వెనక 'టప్'మని చప్పుడైంది. ఎవరో కర్రతో కొట్టినట్టు కాలు మడతపడిపోయింది. పడిపోతూనే వెనక్కి తిరిగి, చేతికందిన మనిషి చొక్కా పట్టుకున్నాడు.

"ఎందుకు తన్నావురా?"

"నేనా? చేతిలో ఇంత తాళాల పెట్టె మోస్తున్నానండీ! నిలబడ్డమే కష్టంగా ఉంటే ఇంక తన్నడం కూడానా?"

ఆ మనిషి తాళాలు బాగుచేసేవాడు. బాబాయిని ఆటో ఎక్కించింది అతనే. ఆటోలో కూడా బాబాయి అతని చొక్కా వదల్లేదట. డాక్టరు పిక్క నొక్కి చూసి, "ఎవరూ తన్నలేదండీ. అకిలిస్ టెండన్ తెగింది. పిక్కను మడమకు కట్టి ఉంచే పట్టీ అనుకోండి. తెగినవాళ్ళంతా ఇలాగే వెనక్కి తిరిగి ఎవరో ఒకర్ని పట్టుకుంటారు" అన్నాక గాని చెయ్యి తీయలేదు. అప్పటికి చొక్కాకు రెండు గుండీలు లేవు. ఆ గుండీలు కుట్టిచ్చింది మా పిన్నే. అతనికి మా ఇంట్లో 'తన్నని తమ్ముడు' అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

బాబాయి టవర్ క్రేన్ నడుపుతాడు. పొద్దున్నే ఇనుప నిచ్చెన ఎక్కి, పైనున్న అద్దాల గదిలో కూర్చుంటే మళ్ళీ సాయంత్రమే నేలమీద కాలు పెట్టడం. అంత ఎత్తునుంచి కొన్నిసార్లు కింద ఇనుము ఎక్కడ ఆనుతోందో ఆయనకు కనబడదు. కింద ఒక మనిషి చేతులతో సైగలు చేస్తాడు, దించమంటే దించాలి, ఆపమంటే ఆపాలి. "నేను బరువును చూడనమ్మా, కిందవాడి చేతిని చూస్తాను" అని చిన్నప్పుడు నాకు ఎన్నోసార్లు చెప్పాడు.

కాబట్టి చిన్న గదిలో ఒంటరిగా కూర్చోవడం ఆయనకు కొత్త కాదు. కాని అక్కడ కూర్చుంటే ఊరంతా తన కిందుండేది. ఆపరేషన్ తరవాత ఊరంతా బయటుంది, తనొక్కడే లోపలున్నాడు.

వాళ్ళది ఒక గది, ఒక వంటిల్లు. మునివేళ్ళు నేలచూపు చూసేలా కాలికి కట్టు వేశారు. మంచాన్ని కిటికీ పక్కకు జరిపారు. ఎదుటి మేడ మీది నీళ్ళ ట్యాంకు వెనకనుంచి ఆయన క్రేను కొస పగలంతా వస్తూ పోతూ ఉండేది. దాన్ని ఇప్పుడు వేరే సైటునుంచి వచ్చిన ఆపరేటర్ నడుపుతున్నాడు.

"చూడు, చూడు! అంత విసురుగా తిప్పుతాడా ఎవడైనా? పప్పులో గరిటె తిప్పుతున్నాననుకుంటున్నాడు" అనేవాడు, చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా నాతో. నేను చూసేసరికి కొస ట్యాంకు చాటుకు పోయేది. అది మళ్ళీ వచ్చేదాకా ట్యాంకు వైపే చూసేవాడు.

పిన్ని బట్టల దుకాణంలో కటింగ్ చేస్తుంది. ఆవిడ అటు వెళ్ళగానే, తలుపు ఎవరు తట్టినా బాబాయి ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్ళి తీసేవాడు. ఒకసారి పడ్డాడు కూడా. ఆ మర్నాటినుంచి పిన్ని బయట తాళం వేసి, రెండు తాళంచెవులూ తనతోనే పట్టుకుపోయేది.

"కాలు కింద పెట్టొద్దని డాక్టరు చెప్పింది నాకా, మీకా?"

"మొగుణ్ణి లోపలేసి తాళం వేసే ఆడదాన్ని నిన్నే చూశాను."

"కాలు కాలిన పిల్లి అయినా ఒకచోట కూర్చుంటుందేమో గాని మీరు కూర్చోరు. ఏం చెయ్యమంటారు మరి?"

మధ్యాహ్నాలు తన్నని తమ్ముడు వచ్చేవాడు. వీధిలో నిలబడి, పెట్టె కిటికీ గట్టుమీద పెట్టుకుని కబుర్లు చెప్పేవాడు. "ఈ తాళమెంత, అన్నా? చిటికెలో తీస్తాను. కాని తీస్తే వదిన నా తోలు తీస్తుంది" అనేవాడు.

కట్టు విప్పినప్పుడు పిక్క ఉండాల్సిన చోట వదులు చర్మం వేలాడింది. బాబాయి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసి దుప్పటి కప్పేశాడు. తరవాత పెద్ద బూటు వచ్చింది. అందులో మడమ కింద దిండ్లలాంటి ముక్కలుండేవి. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చింది. ముక్క తీసిన ప్రతిసారీ మడమ కాస్త కిందికి దిగేది, వెనక నరం బిగిసేది.

"గోడ పట్టుకుని మడమలెత్తండి. ఇప్పుడు ఒక్క కాలి మీద. లేవలేదా? ఫరవాలేదు. కాని నొప్పి తగ్గింది కదా అని సాహసాలు చెయ్యకండి, నొప్పి పోయినంత తొందరగా బలం రాదు" అని చెప్పి వెళ్ళేది. ఆ అమ్మాయి అటు తిరగగానే బాబాయి మంచికాలి మునివేళ్ళను దొంగతనంగా నేలకు ఆనించి రెండు మడమలూ ఎత్తేవాడు. "లేస్తోంది చూడు" అనేవాడు నాతో. చూశానని తల ఊపేదాన్ని.

అలాంటప్పుడే సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. వచ్చే వారం వచ్చి నిచ్చెన ఎక్కి చూపిస్తే కేబిన్ బాబాయిదే. లేకపోతే ఆ భవనం పూర్తయ్యేదాకా కొత్తవాడే ఉంటాడు, అదెప్పటికి పూర్తవుతుందో ఎవరికీ తెలియదు. ఒకసారి కిందికి దిగిన ఆపరేటర్‌ను మళ్ళీ ఎక్కించిన సైటు బాబాయి చూడలేదు. వస్తానని చెప్పేశాడు. పిన్నికి చెప్పలేదు.

తరవాత జరిగింది బాబాయీ, తన్నని తమ్ముడూ నాకు చెరోలా చెప్పారు. ఇద్దరూ ఒప్పుకున్నంతవరకు రాస్తున్నాను.

మర్నాడు పిన్ని తాళం వేసి వెళ్ళగానే బాబాయి బూటు విప్పి, వంటింటి మూలనున్న ఇనుప నిచ్చెనను తెచ్చి గదిలోని అటకకు ఆనించాడు. చేతుల బలంతో, మంచికాలితో ఎక్కేశాడు. విరిగిన ఫ్యాను, పాత పెట్టెల మధ్య తల వంచుకుని కూర్చుని ఆయాసపడుతూ నవ్వుకున్నాడట.

దిగబోయాడు. గోడవైపు తిరిగి దెబ్బకాలి మునివేళ్ళు మెట్టుమీద పెట్టాడు. బరువు పడగానే మడమ జారి కిందికి దిగింది, వెనక నరం కత్తిలా లాగింది. కాలు వణికింది, కాలితోపాటు నిచ్చెనా వణికి పక్కకు జరిగింది. ఎలాగో మళ్ళీ పైకి పాకాడు.

ఫోను మంచం మీదుంది, మోగి మోగి ఆగిపోయింది. అటకమీద నిటారుగా కూర్చోవడానికి లేదు, పడుకోవడానికీ లేదు. అక్కడినుంచి కిటికీ కింది సగమే కనిపిస్తోంది, క్రేను కొస కూడా కనబడదు. ఆ కిటికీలో ఎవరైనా కనిపిస్తారేమోనని చూసి చూసి మెడ పట్టేసింది.

మధ్యాహ్నానికి కిటికీ గట్టుమీద తాళాల పెట్టె కనిపించింది.

"అన్నా! ఎక్కడున్నారు?"

"పైన."

"పైనంటే? అటక మీదా? పచ్చడి జాడీలా అక్కడేం చేస్తున్నారు?"

"నవ్వింది చాలు గాని తాళం తియ్యి."

"వదిన..."

"మీ వదిన సంగతి నేను చూసుకుంటా, తియ్యవయ్యా!"

తాళం చాలాసేపు గలగలలాడింది. "నీ చిటికె ఇంత పొడుగనుకోలేదోయ్" అన్నాడు బాబాయి పైనుంచి.

అతను వచ్చి నిచ్చెన సరిచేసి పట్టుకున్నాడు. బాబాయి గోడవైపు తిరిగాడు. తన కాలు తనకు కనబడదు.

"దించండి. ఇంకా. ఇంకా. ఆపండి. మునివేళ్ళు కాదు, పాదం మధ్యలో ఆనించండి."

"మెట్టుందా కింద?"

"ఉంది. నా చెయ్యి కూడా మీ మడమ కిందే ఉంది. బరువెయ్యండి అన్నా. నేను తన్నను."

బాబాయి బరువేశాడు.

నేల అందాక గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. తన్నని తమ్ముడు బూటు తెచ్చి తొడిగి, పట్టీలు బిగించాడు. నిచ్చెన మూల పెట్టి వెళ్ళబోతుంటే బాబాయి పిలిచాడు.

"తాళం వేసి వెళ్ళు."

"మళ్ళీనా?"

"ఊఁ. వెయ్యి."

తాళం పడిన చప్పుడయ్యాక సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాడు. "రాలేను సార్. అతన్నే ఉంచండి" అన్నాడు. అటునుంచి ఏదో అడిగారు. "తెలుసు సార్. అన్నీ తెలిసే చెబుతున్నా" అని పెట్టేశాడు. ట్యాంకు వెనకనుంచి క్రేను కొస వచ్చింది. అది పోయేదాకా చూశాడు.

సాయంత్రం పిన్నీ నేనూ దాదాపు ఒకేసారి వచ్చాం. పిన్ని తాళం చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం అటూ ఇటూ తిప్పి చూసింది. లోపలికి వెళ్ళాక నిచ్చెన వైపు, ఆయన తల వైపు చూసింది.

"అటకమీద ఏం వెతికారు?"

"దొరకలేదులే."

పిన్ని దగ్గరికి వచ్చింది. ఆయన జుట్టులోని బూజు వేళ్ళతో తీసి కొంగుకు తుడుచుకుంది.

"రేపు వెళ్ళేటప్పుడు నిచ్చెన కూడా బయట పెట్టి తాళం వెయ్యి" అన్నాడు బాబాయి.

"రేపెందుకు?" అని పిన్ని అప్పుడే దాన్ని వీధిలోకి లాగింది. ఇనుము గచ్చుమీద రాసుకుంటూ వెళ్ళిన చప్పుడు ఆగేలోగా బాబాయి లేచి గోడ పట్టుకున్నాడు. మంచికాలు పూర్తిగా పైకెత్తి దెబ్బకాలి మీదే నిలబడ్డాడు. పళ్ళు బిగించాడు. నేను మడమనే చూస్తున్నాను. అది నేలను వదల్లేదు.

"లేచిందా?" అన్నాడు.

"లేదు బాబాయ్."

"సరే" అని మళ్ళీ గోడ పట్టుకున్నాడు.