పదికి తొమ్మిది

మా ఆవిడ నా పేరు పలికింది ఒక్క 1986 వేసవిలోనే, అదీ కొద్ది రోజులు. నేను గణాంక శాఖలో వర్షపాతం, పత్తి దిగుబడి లెక్కలు కట్టి పదవీ విరమణ చేసినవాణ్ణి. కొలిచినదాన్ని తప్ప నమ్మే అలవాటు లేదు. ఆ వేసవిని మాత్రం ఎన్నిసార్లు తూచినా తూకం కుదరదు.

అంతకు ముందు ఏడాది మిరపకాయలు ఎండే కాలంలో ఆవిడ ముక్కుకు ఇరువైపులా, రెండు చెంపల మీదా ఎర్రటి మచ్చ లేచింది. కల్లంలో కాయల ఘాటు తగిలిందన్నారు అందరూ. తర్వాత కీళ్ళు వాచాయి, జుట్టు రాలింది. గుంటూరులో డాక్టరమ్మ రక్తం మద్రాసుకు పంపి పరీక్ష చేయించి, దీన్ని లూపస్ అంటారనీ, ఒంటిని కాపాడవలసిన శక్తే ఒంటి మీద తిరగబడుతుందనీ, ఎండ తగలకూడదనీ చెప్పారు. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. జబ్బు మెదడుకు పాకవచ్చు, ఈ మాత్రలే మనసును కలవరపెట్టనూ వచ్చు. ఏదైనా ముందుగా పసిగట్టాలంటే మతిని కొలుస్తూ ఉండాలన్నారు. అందుకు పది ప్రశ్నలు. తేదీ, వారం, ఊరు, నూటిలోంచి ఏడు తీసివేత, విన్న మూడు మాటలు తిరిగి చెప్పడం వంటివి. ఆఖరుది: "పక్కనున్నాయన పేరేమిటి?"

మొదటి రోజు ఆ ప్రశ్న దగ్గర ఆవిడ తల వంచుకుంది. మా వైపు ఆడవాళ్ళు భర్త పేరు నోట పలకరు. డాక్టరమ్మదీ ఈ ప్రాంతమే కనుక నవ్వారు.

"చెప్పకపోతే ఒక మార్కు పోతుందమ్మా."

"పోనీండి డాక్టరుగారూ. జుట్టే పోయింది, మార్కెంత!"

"మెల్లగా అనరాదూ, ఎవరు వింటారు?" అన్నాను.

"మీరూరుకోండి. మీరు వినరూ?"

పదికి తొమ్మిది. ప్రశ్న మారిస్తే నిన్నటితో నేటిని పోల్చలేమని డాక్టరమ్మ దాన్ని అలాగే ఉంచారు. ఇంట్లో రోజూ ఉదయం అడిగే పని నాది. వేళ్ళ వాపు తగ్గాక వరండా నీడలో మిరపకాయల తొడిమలు తీస్తూ జవాబులు చెప్పేది. ఆఖరి ప్రశ్న నేనడగకముందే "ఒకటి కొట్టేసుకోండి" అనేది. నాకు ఆ తొమ్మిది మీద మమకారం పెరిగింది.

వేసవి ముదిరేసరికి ఆవిడకు నిద్ర కరువైంది. కల్లంలో కూలీలు తన ముఖం చూసి నవ్వుతున్నారంటూ తలుపులు మూసేది. అప్పటికి కల్లం ఎత్తేసి వారం దాటింది. ఒక ఉదయం ప్రశ్నలన్నిటికీ తడుముకోకుండా జవాబిచ్చి, ఆఖరిదానికి నా ముఖంలోకి సూటిగా చూస్తూ, బడిలో హాజరు పిలిచినట్టు, ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పింది.

పదికి పది.

గుంటూరు తీసుకువెళ్ళాను. అక్కడా పదే వచ్చింది. "మతి బాగానే ఉంది. నిద్ర లేకపోవడం మాత్రల వల్లే, తగ్గిద్దాం" అన్నారు డాక్టరమ్మ.

అంకెకు ఎదురు చెప్పడం అంతవరకు నేనెరుగను. "ఈ పది తప్పండి. మా ఆవిడకు వచ్చేది తొమ్మిదే. నా పేరు పలికిందంటే తను తనలో లేదు" అన్నాను.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగారు. "ఈయన నీకేమవుతారమ్మా?"

"పేరు చెప్పానుగా. పేరు ఆయనదే. మనిషి ఆయన కాదు. ఎవరో ఆయన చొక్కా తొడుక్కొచ్చాడు."

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారు. వెన్ను నీరు తీసి ఇన్‌ఫెక్షన్ లేదని చూశారు. జబ్బే మెదడుకు పాకిందని తేల్చుకున్నాక, తగ్గిద్దామనుకున్న మందునే నరం ద్వారా పెద్ద మోతాదులో ఎక్కించారు. మనసు కుదుటపడడానికి మరో చిన్న మాత్ర ఇచ్చారు. నేను రోజూ అడిగేవాణ్ణి, రోజూ నా పేరు వినేవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో ఆ గొంతులో నా పేరు ఒక్కసారైనా వినాలని ఎంత ఆశపడ్డానో, అప్పుడు వినకుండా ఉండాలని అంత ఆశపడ్డాను.

ఒక ఉదయం ఆఖరి ప్రశ్నకు జవాబు రాలేదు. చూస్తే తల వంచుకుని, దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటోంది.

"ఏం, మీ పేరు మీకు తెలీదా ఏంటి?"

డాక్టరమ్మ తొమ్మిది వేసి, నా వంక చూసి నవ్వారు.

ఆ తర్వాత ఏడేళ్ళు ఉంది ఆవిడ. చివరికి మూత్రపిండాలు మొండికేశాయి. మతి మాత్రం ఆఖరుదాకా తొమ్మిదే.

నిరుడు నా జ్ఞాపకశక్తిని పరీక్షించిన కుర్ర డాక్టరు మా ఆవిడ పేరు అడిగాడు. ఆమెను నేనూ ఎన్నడూ పేరు పెట్టి పిలిచినవాణ్ణి కాను. చెప్పాను, ఇంటిపేరుతో సహా, గది బయటికి వినపడేంతగా. పూర్తి మార్కులు వేశాడు. "మీరూరుకోండి" అనే మాట కోసం పక్క కుర్చీ వైపు చూశాను.