ఎగ్జిట్ దాటిపోయిన జనరల్

ముందు తాళాల గుత్తి వినిపించేది. ఎవరి అపార్ట్‌మెంట్‌కి వచ్చినా మెట్ల మీద గలగల, తలుపు ముందు ఆగీ ఆగని గలగల. ఎండలో కుదురులేని వాన ఏదో మెట్లెక్కి వస్తున్నట్టుండేది. ఆ తర్వాతే దామోదర్ గారు కనిపించేవారు. అరిజోనాలో, చాండ్లర్ ఊళ్ళోని తెలుగువాళ్ళందరికీ ఆయన సంగతి ఒకటి బాగా తెలుసు. ఏ మాట మొదలుపెట్టినా మూడో నిమిషానికి ఆయన జపాన్ చేరిపోతారు. అక్కడ కూడా ఒక్క మనిషి దగ్గరికే. సైన్యంలో జనరల్‌గా ఎదిగి, వందేళ్ళ కిందట ప్రధానమంత్రి అయిన కత్సురా తారో దగ్గరికి.

"దామోదర్ గారూ, మీ స్ప్రింక్లర్ ఆగడం లేదండీ. నీళ్ళు మా గోడ కిందికొస్తున్నాయి," అన్నారొకసారి పక్కింటి హనుమయ్యగారు.

"జనరల్ కూడా అంతేనండీ, ఆగేవాడు కాదు. ఇరవై ఏళ్ళకి యుద్ధం, ఇరవై రెండుకి జర్మనీ..."

"నీళ్ళండీ బాబూ!"

"అవునండీ, ఓడలోనే వెళ్ళాడు. చుట్టూ నీళ్ళే."

హనుమయ్యగారు తనే గోడ దూకి కుళాయి కట్టేసుకున్నారు.

ఎదుటివాణ్ణి ఒప్పించాలంటే జనరల్ చిరునవ్వు నవ్వి భుజం తట్టేవాడట. దామోదర్ గారు ఆ విద్య కూడా పట్టేశారు. స్పీడింగ్ టికెట్ రాస్తున్న పోలీసు భుజం తట్టబోతే, పక్క సీట్లో ఉన్న భార్య శాంతిగారు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు.

సంహిత ఈ కథలన్నీ విని నవ్విందే కానీ, రెండువేల తొమ్మిది వేసవిలో ఆ కారు తనే ఎక్కాల్సి వస్తుందనుకోలేదు. మాస్టర్స్ అయింది. ఉద్యోగం రాలేదు. తొంభై రోజులు ఉద్యోగం లేకుండా గడిస్తే వీసా ప్రకారం దేశం వదిలి వెళ్ళాల్సిందే. ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో డెబ్భై ఎనిమిదో గడి కొట్టేసింది. వచ్చిన రెండు ఇంటర్వ్యూల్లోనూ తన పేరు తప్ప ఏమీ సరిగ్గా చెప్పలేకపోయింది.

"ఈసారి దామోదర్ అంకుల్‌ని అడుగు. కార్ లేని స్టూడెంట్స్ ఎవరికి ఇంటర్వ్యూ వచ్చినా ఆయనే దింపుతడు," అంది రూమ్మేట్ దేదీప్య.

"ఆయన ఫ్రీవే దిగాల్సిన ఎగ్జిట్లు మిస్ అవుతారంట కదే?"

"అయితడు. జనరల్ మీదికి పోతే రోడ్ కనపడదు. అందుకే గంటన్నర ముందే బయల్దేరతడు. ఇంటర్వ్యూ టెంపేలో అయితే తైవాన్ దాకా, స్కాట్స్‌డేల్ అయితే రష్యా యుద్ధం దాకా కథ ఫిక్స్. రెడీగా ఉండు."

ఇంటర్వ్యూ స్కాట్స్‌డేల్‌లో. ఉదయం ఏడింటికే ఫ్రీవే మీద ఎండ సెగలై కదులుతోంది. ఒళ్ళో ఫైలు, ఫైలు కింద మోకాలు. మోకాలు కుట్టు మిషన్‌లా ఆడుతోంది.

"సీట్ బెల్ట్ పెట్టుకున్నావామ్మా? జనరల్ పుట్టింది సమురాయ్‌ల ఇంట్లో..."

"అంకుల్, నేను కొంచెం రివైజ్ చేసుకుంటా."

"చేసుకో, చేసుకో. జనరల్ కూడా ఓడలో జర్మన్ రివైజ్ చేసే ఉంటాడు."

ఫైలు మూసేసింది. పచ్చబోర్డులు ఎవరో విసుగ్గా తిప్పుతున్న పేజీల్లా వెనక్కి పోతున్నాయి. జర్మనీ అయింది, తైవాన్‌లో గవర్నర్ అయ్యాడు, మంత్రి అయ్యాడు.

"అంకుల్! ఎగ్జిట్!"

"అయ్యో, దాటిపోయిందే! పర్లేదమ్మా, ప్రధాని అయ్యేసరికి ఇంకోటొస్తుంది."

వచ్చింది. అదీ దాటిపోయింది. ఎడారి మొదలైంది. చేతులెత్తిన ముళ్ళచెట్లు దారి చెప్పడం మానేసినట్టు నిలబడ్డాయి.

"అసలు రష్యాతో ఆ యుద్ధం ఎందుకు చేశాడంకుల్? మాట్లాడుకుంటే అయిపోదా?" ఆమెకు ఒళ్ళు మండింది.

"నెలల తరబడి మాట్లాడుకున్నారమ్మా!"

"అంతమంది చచ్చిపోతే నవ్వుతూ భుజాలు తట్టాడా? నేనైతే ఒప్పుకోను."

"ఎందుకు ఒప్పుకోవు? చెప్పు!"

చెప్పింది. పది నిమిషాలు ఆగకుండా చెప్పింది. ఆయన ఓరకంట ఆమె ఒళ్ళో కదలకుండా ఉన్న ఫైలు చూసి, నిమ్మళంగా కారు తిప్పి, సరిగ్గా పావుగంట ముందు ఆఫీసు వాకిట్లో ఆపారు. ఆ కోపం వేడి చల్లారకుండానే సంహిత లోపలికి నడిచింది. నలుగురు అడిగినవాటికి తడుముకోకుండా జవాబులిచ్చింది. ఒకచోట వాళ్ళ డిజైన్ తప్పని కూడా వాదించింది.

ఎనభై ఆరో రోజున కబురొచ్చింది. ఉద్యోగం వాళ్ళ షాంటిలీ ఆఫీసులో. వర్జీనియా వెళ్ళాలి.

ఆ రాత్రి ఉండబట్టలేక జనరల్ గురించి నెట్‌లో వెతికింది. మూడుసార్లు ప్రధాని అయ్యాడట. రెండోసారి అయినప్పుడు కొరియాను జపాన్‌లో కలిపేసుకున్నారట. మూడోసారి జనం వీధుల్లోకొచ్చి తిరగబడితే రెండు నెలలకే దిగిపోయాడట. ఇంత ఉంటే అంకుల్ ఒక్కసారైనా అనలేదేం? నిలదీయాల్సిందే అనుకుంది.

స్వీట్స్ పట్టుకుని వెళ్తే ఇంట్లో శాంతిగారొక్కరే ఉన్నారు.

"అంకుల్ అన్ని ఎగ్జిట్లు మిస్ అవుతారు కదాంటీ, రోజూ ఆఫీస్‌కి ఎలా వెళ్తారు?"

శాంతిగారు పకపకా నవ్వారు. "ఆయనా? నాకు తెలిసి ఒక్కటీ మిస్సవలేదు. మీ మోకాళ్ళు చూస్తారే పిచ్చిపిల్లా. ఇంకా ఆడుతుంటే తిన్నగా పోనిస్తారు."

సంహిత లడ్డూ పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"రెండువేల ఒకటిలో ఆయనకి ఉద్యోగం పోయింది. నాకు చెప్పలేదు. రోజూ క్యారేజీ పట్టుకెళ్ళి లైబ్రరీలో కూర్చునేవారట. ఆ కుర్చీ పక్క అలమారాలో దొరికాడు ఈ జనరల్. ఇంటర్వ్యూ అంటే భయంతో దారిలో కారు ఆపి వాంతి చేసుకునేవారు. ఒకరోజు ఆ కథ తనకి తనే గట్టిగా చెప్పుకుంటూ వెళ్ళారు. భయపడ్డానికి ఖాళీ దొరకలేదు. అంతే, మాట పెగిలింది. అప్పట్నుంచీ మీకందరికీ ఇదే మందు."

ఎయిర్‌పోర్టుకీ ఆయనే దింపారు. ఒక్క ఎగ్జిట్ కూడా దాటిపోలేదు. పెట్టె దించి పేవ్‌మెంట్ మీద పెట్టారు. వెనక కార్లు తొందరపెడుతున్నాయి.

"అంకుల్, ఒకటడగనా? కొరియా గురించి ఎప్పుడూ చెప్పరేం?"

"కొరియానా? కొరియాకేమైంది?"

"అదే, రెండోసారి ప్రధాని అయినప్పుడు..."

"రెండోసారి కూడా అయ్యాడా!" ఆయన ముఖం దీపావళి అయింది. "భలేవాడే! నాకు తెలీదమ్మా. రష్యా యుద్ధం అయ్యేసరికి నాకు ఉద్యోగం వచ్చేసింది. పుస్తకం లైబ్రరీలో ఇచ్చేశాను. తర్వాతేమైంది?"

సంహిత నోరు తెరిచింది. ఆయన కళ్ళలోకి చూసి మూసేసింది. ఆ మూతపడ్డ నోటిని దామోదర్ గారు కాసేపు పరీక్షగా చూశారు. తర్వాత గొంతు తగ్గించారు.

"మంచి కబురు కాకపోతే ఇప్పుడు చెప్పకమ్మా. మంగళవారం ఇంకో అమ్మాయిని స్కాట్స్‌డేల్ తీసుకెళ్ళాలి."