సుంకప్ప సార్ రెండు తొట్ల పాఠం

మా కెమిస్ట్రీ లెక్చరర్ సుంకప్ప సార్‌కి లోకంలో ఏదైనా ఒకవైపే జరుగుతుందంటే ఒప్పుకోలేని జబ్బు. టీ చల్లారిందన్నా, సమీకరణంలో వెనక్కి తిరిగే బాణం గుర్తొచ్చి "అవతలి బాణం యాడుండాదప్పా?" అనేవారు.

ఓసారి నందికొట్కూరు బస్టాండులో కర్నూలు బస్సు తలుపు దగ్గరే నిలబడిపోయారు.

"ఆరుమంది దిగిరి, ఆరుమంది ఎక్కిరి. రద్దీ అంతే ఉండాది. ఇదేనప్పా సమతాస్థితి!"

"శానా బాగుండాది సార్. మీరు ఎక్కుతాండారా, లేదా?" అన్నాడు కండక్టరు.

ఆయన ఆలోచిస్తుండగానే బస్సు వెళ్లిపోయింది.

ఆ మార్చిలో, ముందుకీ వెనక్కీ ఒకేసారి జరిగే ద్విగత చర్యల పాఠం మొదలైంది. సార్ టాంకరు నీళ్లతో ఒక తొట్టి నింపించి, పక్కన ఖాళీ తొట్టి పెట్టారు. నిండు తొట్టి దగ్గర నాకూ, ఖాళీ తొట్టి దగ్గర మా క్లాసు శివకుమారికీ చెరో చెంబిచ్చి, ఎవరి తొట్టిలో నీళ్లు వాళ్లు ముంచి ఎదుటి తొట్టిలో పోయమన్నారు. మొదట్లో నా చెంబు నిండేది, ఆమెకు అడుగు తడే దొరికేది. పోనుపోను ఇద్దరం సమానంగా పోస్తుంటే మట్టాలు కదలడం మానేశాయి.

"ఆగిపాయ సార్!" అన్నాను.

"మట్టం ఆగింది. మీరు ఆగినారా? చేతులు చూసుకోప్పా!"

భలే అర్థమైంది. కానీ మర్నాడూ అదే పాఠం. మూడు వారాలపాటు అదే పాఠం! పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. బట్టల కొట్టు నాగేశ్వరయ్య కొడుకుని, నాకు తొందరెక్కువ. "సార్ నీళ్లాట ఆడిస్తున్నారు" అని అర్జీ రాసి, క్లాసంతా సంతకాలు పెట్టించాను. శివకుమారి ఒక్కతే పెట్టలేదు. వారం తిరక్కుండా యాజమాన్యం సార్‌ని రాయచోటి బ్రాంచికి పంపేసింది.

మర్నాడు శివకుమారి ఖాళీ బిందెతో ఎదురైంది.

"మా హాస్టల్ బోరు ఎండి నెలాయ. హాస్టలుకు టాంకరు లేదనిరి. ప్రాక్టికల్సుకైతే ఇస్తారని సార్ రోజూ రాసిచ్చినాడు. పాఠమైనాక ఆ నీళ్లు మాకే."

"ముందే చెప్పొచ్చు గదా!"

"నీకు చెప్తే మీ కొట్లో చెప్తావు. కొట్లో చెప్తే ఊరంతా తెలుస్తాది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే మళ్లీ అర్జీ రాశాను: "సమతాస్థితి మాకెవ్వరికీ అర్థం కాలేదు. పరీక్షలదాకా రోజూ ప్రాక్టికల్ పెట్టించండి." ఈసారి మొదటి సంతకం శివకుమారిది. నీళ్లు తిరిగొచ్చాయి. సార్ రాలేదు. ఆ సంగతి ఇప్పటికీ నా గుండెలో ముల్లులా ఉంది.

పరీక్షలయ్యాక రాయచోటి వెళ్లి, తప్పంతా చెప్పుకున్నాను. రెండో అర్జీ సంగతీ చెప్పాను.

"క్లాసులో ఫస్టొచ్చేటోడివి, అర్థం కాలేదని రాసిస్తివా?"

"రాసినా సార్."

సార్ కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వారు. ఆయన వెనక రెండు తొట్లు, వాటి వెనక గోడవారగా బిందెలు వరుసగా ఉన్నాయి.

"ఈడ గూడా పిల్లోళ్లకు పాఠం తొందరగా అర్థమైపోతాండాదప్పా, అదే నా బాధ," అని నా చేతికి చెంబిచ్చారు.