మా మావ ఆడకుండా పోయిన మ్యాచ్

మా చిన్నప్పుడు, మలయాలో... ఇప్పటి మలేషియాలో, లోయర్ పేరాక్‌లో మేముండే కొబ్బరితోటకి చుట్టూ ముళ్ళకంచె... తెల్లదొరల ఎమర్జెన్సీ రోజులవి. అడవిలో ఉన్న తిరుగుబాటుదారులకు తిండి చేరకూడదని గేటు దగ్గర ప్రతి సంచీ వెతికేవారు. బియ్యపు గింజ కూడా బయటికి పోకూడదు. ఆ సంగతి ఎనిమిదేళ్ళ నాకూ తెలుసు.

అమ్మ తమ్ముడు రాములు మావ తోట ఆసుపత్రిలో డ్రెస్సరు. పగలు కట్లు కట్టడం, సూదులు వెయ్యడం. ప్రాణమంతా మాత్రం రగ్బీ మీద... ఇంగ్లీషు స్కూల్లో నేర్చుకున్నాడు. మొదట పేరాక్ జట్టు, తరవాత మలయా జట్టు. విదేశం నుంచి వచ్చిన జట్టు మీద ఒక మ్యాచ్ ఆడాడు కూడా. జీతం లేని ఆట. దొరని సెలవు అడుక్కుని వెళ్ళేవాడు.

తోట కూలీలుండే లైన్లలో వాళ్ళు "కోడిగుడ్డులాంటి బంతట్టుకుని పరిగెడతాడంట" అని నవ్వేవారు. నేను మాత్రం సాయంత్రాలు కొబ్బరి వరసల మధ్య ఆయన పరుగు చూస్తూ కూర్చునేదాన్ని.

రెండోసారి పిలుపొచ్చింది. మ్యాచ్ సింగపూర్‌లో. పొద్దున్నే తెలుక్ ఆన్సన్‌లో రైలెక్కాలి.

మావకు బెల్లం కలిపిన అటుకులంటే ఇష్టం. అమ్మ చూస్తే తిడుతుందని, గుప్పెడు అటుకులు గుడ్డలో మూటకట్టి, చాటుగా ఆయన ఆట బూటులో దూర్చాను. రైల్లో చూసి నవ్వుకుంటాడనుకున్నాను...

సాగనంపడానికి గేటు దాకా వెళ్ళాను. మలాయ్ కానిస్టేబుల్ సంచీలోంచి బూటు తీసి దులిపాడు. మూట కింద పడింది. బూటులో దాచిన తిండి... అతని ముఖం మారిపోయింది. ఎవరు పెట్టారని మలాయ్‌లో గద్దించాడు.

మావ నా వైపు తిరిగాడు. "గుంటా, నువ్వెట్టినావేటి?" మెల్లగానే అడిగాడు.

"నాకేటి తెల్దు" అన్నాను.

మావ మళ్ళీ అడగలేదు. కాసేపు నన్నే చూసి, తనే పెట్టుకున్నానని కానిస్టేబుల్‌కి చెప్పాడు. జీపెక్కించారు.

తోట పెద్ద గుమాస్తా వెళ్ళి మాట్లాడితే సాయంత్రానికి వదిలారు. అప్పటికి రైలూ పోయింది, జట్టూ పోయింది. "బూట్లో ఎందుకెట్టినావురా?" అని అమ్మ ఏడుస్తూ అడిగింది. "దార్లో ఆకలేస్తాదని ఎట్టినానక్కా" అన్నాడు మావ. నేను తలుపు వెనకే ఉన్నాను...

ఆయన చోట ఇంకెవరో ఆడారు. పోలీసులు పట్టుకెళ్ళిన మాట ఎలాగో జట్టు పెద్దల చెవిన పడింది. మళ్ళీ పిలవలేదు. మలయాకి మా మావ ఆడింది ఆ ఒక్క మ్యాచే.

మెర్డెకా... స్వాతంత్ర్యం వచ్చిన రోజు, పొద్దున్నే గుమాస్తాగారింట్లో రేడియో ముందు అందరం చేరాం. తెల్లదొరల జెండా దించి మన జెండా ఎగరేశారని చెబితే చప్పట్లు కొట్టాం. "నానాడినప్పుడు పైన దొరల జెండాయే. ఇంక మనోళ్ళు మన జెండా కిందాడతారు" అన్నాడు మావ. గొంతులో సంతోషమే ఉంది. నేనే తలెత్తలేకపోయాను. ఆయనకు అప్పటికి ముప్పై కూడా నిండలేదు.

చెప్పడానికి అవకాశాలు లేకపోలేదు. చివరి రోజుల్లో, ఈపో ఆసుపత్రిలో ఆయన మంచం పక్కనే మూడు రోజులున్నాను. మాట నోటిదాకా వచ్చింది.

"ఏటి గుంటా, ఏటో సెప్పబోయినావు?" అన్నాడు.

"ఏటీ లేదు మావా" అన్నాను.

మొన్న మా మనవడు టీవీలో రగ్బీ చూస్తుంటే మావ సంగతి చెప్పాను. వాడికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడలేడు. "ఓన్లీ వన్ మ్యాచ్, అమ్మమ్మా? వై?" అన్నాడు. "ఆ రోజుల్లో రైళ్ళు సరిగ్గా నడిచేవి కావురా" అన్నాను. ఈ వయసులో కూడా నోటికి అబద్ధమే వచ్చింది...

ఇప్పుడు మావ లేడు, అమ్మ లేదు. మా లైన్ల తెలుగు మాట్లాడేవాళ్ళూ ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఏ భాషలో క్షమించమని అడగాలో ఆ భాష వినేవాళ్ళే లేకుండా పోయాక, ఇక్కడ రాసుకుంటున్నాను... మీకూ ఇలా గొంతులో ఉండిపోయిన మాట ఉంటే, ఎవరితో చెప్పాల్సిన మాటో చెప్పక్కర్లేదు, కింద రాయండి. చదువుతాను.