గంధకం అంటిన చొక్కా

డిసెంబరు, ఆదివారం సాయంత్రం. ఉన్నవాళ్లం: పక్క క్వార్టర్ కెమిస్ట్రీ టీచరమ్మ, ఆవిడను కుమ్హారిలో తానుండే ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన కొడుకు, నేను.

సోడియం, మెగ్నీషియం ఆక్సైడ్లు క్షారాలనీ, అల్యూమినియానికి రెండు గుణాలూ ఉంటాయనీ, గంధకానిది ఆమ్లమనీ ఆవిడ పిల్లలకు వరుసగా చెప్పేది. స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్ నుంచి భర్త రాగానే తడి నీలి లిట్మస్‌ను అతని చొక్కాకు తాకించేది. గంధకం పొగకు అది ఎర్రబడితే నవ్వేది.

ఆయన పోయి ఏడాదైనా ఉతికిన చొక్కా మేకుకే ఉంది. ఆ సాయంత్రం కూడా తాకించింది. కాగితం ఎర్రబడింది.

"సూసినావేట్రా? మీ నాన్న డూటీ నుంచి వచ్చీసినారు. నేనెలా వస్తాను?"

"ఖిడ్కీ తెరిచుందమ్మా, ప్లాంటు హవా అది," అని కొడుకు నవ్వాడు. చొక్కాను తానే ఉతికి, కిటికీలు మూసిన గదిలో ఆరేశాడు.

మరుసటి ఉదయం నీలి కాగితం అతనే తాకించాడు. ఏ రంగు వచ్చిందో చెప్పలేదు. సామాను కోసం వచ్చిన ఆటోను ఖాళీగా తిప్పి పంపేశాడు.